వెలిగే వెక్టర్ బొమ్మలో నల్ల బ్యాక్‌గ్రౌండ్ తీసి రంగు మార్చడం ఎలా: సమగ్ర మార్గదర్శి

నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద నీలంగా వెలిగిపోతున్న రింగో, నియాన్ గీతో ఉన్న వెక్టర్ ఫైల్ (పిక్సెళ్లతో కాక గీతలు, ఆకారాలతో చేసిన బొమ్మ) ఒకటి మీ దగ్గర ఉంది. వెక్టరే కదా, వెనకున్న నల్ల డబ్బా డిలీట్ చేసి రంగు మార్చేసుకుంటే పనైపోతుంది అనుకుని డిలీట్ కొడతారు. అంతే, అప్పటిదాకా వెలుగులా కనిపించింది కాస్తా మసిపట్టిన నల్ల గుండ్రాలుగా మారిపోతుంది. సరే అని కింద తెల్ల రెక్టాంగిల్ పెట్టి చూస్తే ఆ గుండ్రాలు కూడా ఉండవు, గ్లో మొత్తం మాయం. ఫైల్ పాడైందేమోనని మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు కూడా ఉంటారు. ఫైల్‌కి ఏమీ కాలేదు.

ఇలాంటి బొమ్మల్లో నలుపు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి వెనక పరిచిన రెక్టాంగిల్. రెండోది ప్రతి గ్లో ముక్క లోపల, గ్రేడియంట్ (ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారే పూత) బయటి అంచున. మొదటిదాన్ని తీసేయడం చిటికెలో పని. అసలు పనంతా రెండోదానితోనే, ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దాని గురించే. వెక్టర్ బొమ్మలు చేసే అడోబ్ ఇల్లస్ట్రేటర్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఇంక్‌స్కేప్ (ఇదీ వెక్టర్‌దే), గింప్, ఫోటోషాప్ (ఇవి ఫోటోలవి) అవసరమైన చోట వస్తాయి. షార్ట్‌కట్‌లు విండోస్‌వి, మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్, ఆల్ట్ బదులు ఆప్షన్ అనుకోండి.

ముందు ఈ స్క్రీన్ మోడ్ సంగతి అర్థం చేసుకోండి

ఇది దాటేసి నేరుగా స్టెప్పుల్లోకి వెళ్లాలనిపిస్తుంది, కానీ ఇది తెలియకపోతే తర్వాత ఏ బటన్ ఎందుకు నొక్కుతున్నారో తెలియదు.

పై ముక్క రంగు కింది రంగుతో ఎలా కలవాలో చెప్పేది బ్లెండ్ మోడ్, గ్లో ముక్కలు ఎక్కువగా స్క్రీన్ అనే బ్లెండ్ మోడ్‌లో ఉంటాయి. స్క్రీన్ చేసే పని ఒక్కటే, కింద ఉన్న రంగుకి పైనున్న వెలుగును కలపడం. నలుపు అంటే సున్నా వెలుగు కాబట్టి అది కలిసినా ఏ మార్పూ రాదు, కనిపించకుండా పోతుంది. ఒక లెక్క చూడండి, ఇందులో వెలుగుని 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) దాకా కొలుస్తాం. కింద 200 వెలుగు, పైన గ్లో వెలుగు 100 ఉన్నాయనుకుందాం. 255 లోంచి రెండింటినీ తీసేస్తే 55, 155 మిగులుతాయి. వాటిని గుణించి 255తో భాగిస్తే సుమారు 33, దాన్ని 255 లోంచి తీసేస్తే 222. అదీ ఫలితం. ఇప్పుడు కింద తెలుపు, అంటే 255 ఉంటే? 255 లోంచి 255 పోతే సున్నా, సున్నాని దేనితో గుణించినా సున్నానే, ఫలితం మళ్లీ 255. అంటే తెలుపు మీద స్క్రీన్ గ్లో ఎంత వెలిగినా కనపడదు. పట్టపగలు టార్చి వేసినట్టే.

మరి కింద ఏమీ లేకపోతే? కలపడానికి కింద ఏదీ లేదు కాబట్టి ఇల్లస్ట్రేటర్ ఆ ముక్కను ఉన్నదున్నట్టు చూపిస్తుంది. గ్రేడియంట్ అంచున ఉన్న నలుపుతో సహా. డిలీట్ కొట్టగానే కనిపించిన నల్ల గుండ్రాలు అవే.

స్టెప్ 1: ఫైల్‌లో ఏముందో చూడండి

ముందు ఒక కాపీ సేవ్ చేసుకోండి. తర్వాత కంట్రోల్ వై నొక్కితే అవుట్‌లైన్ మోడ్ వస్తుంది, రంగులన్నీ పోయి గీతలు మాత్రమే మిగులుతాయి. ఇక్కడే అసలు కథ బయటపడుతుంది. ఒక మామూలు నీలం రింగ్ ఫైల్ తెరిస్తే కనిపించేది ఇంచుమించు ఇలా ఉంటుంది: అట్టడుగున పెద్ద రెక్టాంగిల్, దాని మీద ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు నాలుగు దీర్ఘవృత్తాలు, పక్కన మెరుపు చుక్కలు, వీటన్నిటినీ చుట్టి ఒక క్లిప్పింగ్ మాస్క్ (తన ఆకారం బయట ఉన్నదాన్ని కనిపించకుండా దాచేది).

అలా కాకుండా అవుట్‌లైన్ మోడ్‌లో గ్లో ఆకారాల బదులు ఉత్త డబ్బాలే కనిపిస్తే అవి వెక్టర్ కాదు, లోపల పెట్టిన ఫోటో ముక్కలు. ఇపిఎస్ పేరుతో వచ్చే ఫైళ్లలో ఇది మామూలే, పాత వెర్షన్‌లో సేవ్ చేసినప్పుడు పారదర్శకత మొత్తం ఫ్లాటెన్ అయిపోయి (అన్నీ ఒకే పొరగా అణిగిపోయి) ముక్కలుగా మిగులుతుంది. ఇల్లస్ట్రేటర్‌లో చేసిన ఇపిఎస్‌ని ఇంక్‌స్కేప్‌లో తెరిచినా ఇదే గొడవ. మీది అలాంటి ఫైల్ అయితే మధ్యలోవన్నీ వదిలేసి నేరుగా ఆరో స్టెప్‌కి వెళ్లండి, వెక్టర్ దారిలో తలబాదుకోవడం దండగ.

మళ్లీ కంట్రోల్ వై కొట్టి మామూలు వ్యూకి వచ్చి, లేయర్స్ ప్యానెల్ తెరిచి, ఒక్కో ముక్కని సెలెక్ట్ చేస్తూ ట్రాన్స్‌పరెన్సీ ప్యానెల్‌లో మోడ్ ఏముందో చూడండి. స్క్రీన్ అని ఉందా, నార్మల్ అని ఉండి గ్రేడియంట్ చివర ఒపాసిటీ (ఎంత నిండుగా కనిపించాలన్న శాతం) సున్నా ఉందా? రెండోదైతే మీ అదృష్టం, ఆ బొమ్మ ముందే పారదర్శకంగా ఉంది, వెనక రెక్టాంగిల్ తీసేస్తే చాలు. గుంపు మొత్తానికి పెట్టిన మోడ్ లోపలి ముక్కను క్లిక్ చేస్తే కనిపించదు, గుంపును కూడా విడిగా సెలెక్ట్ చేసి చూడాలి.

స్టెప్ 2: కలర్ మోడ్, నలుపు సరిచేయండి

ఫైల్ మెనూలో డాక్యుమెంట్ కలర్ మోడ్ ఆర్‌జిబి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో చేసే తెర రంగులు) ఉందో లేదో చూడండి. సిఎంవైకెలో (ప్రింటు ఇంకుల రంగులు) ఉంటే మార్చేయండి. ప్రింటు రంగుల్లో ఎలక్ట్రిక్ నీలం, నియాన్ ఆకుపచ్చ లాంటివి ఉండనే ఉండవు, గ్లో చప్పగా వస్తుంది.

అయితే మార్చగానే ఒక చిక్కు వస్తుంది. సిఎంవైకెలో కేవలం నల్ల ఇంకు వంద శాతం అని పెట్టిన నలుపు ఆర్‌జిబిలోకి వచ్చేసరికి అసలు నలుపు కాదు, మామూలుగా 35, 31, 32 (వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు) దగ్గర ఆగుతుంది. కంటికి నలుపులాగే ఉంటుంది కానీ స్క్రీన్ మోడ్‌కి అది సున్నా కాదు, కొంచెం వెలుగు. దాంతో గ్లో చుట్టూ పలచని బూడిదరంగు వలయమో, చతురస్రపు అంచో తేలుతుంది. "బ్యాక్‌గ్రౌండ్ తీసేశా కానీ ఇంకా లీలగా డబ్బా కనిపిస్తోంది" అనే ఫిర్యాదుకి చాలాసార్లు కారణం ఇదే. గ్రేడియంట్ ప్యానెల్‌లో బయటి స్టాప్ (గ్రేడియంట్ పట్టీ మీద ఒక్కో రంగుని చూపే గుర్తు) మీద డబుల్ క్లిక్ చేసి 0, 0, 0 చేయండి. ముక్కలు ఎక్కువుంటే అన్నీ సెలెక్ట్ చేసి రీకలర్ ఆర్ట్‌వర్క్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఆ దొంగ నలుపు వరసని పట్టుకుని దాని కొత్త రంగుగా 0, 0, 0 ఇస్తే అన్నీ ఒకేసారి సరిపోతాయి.

స్టెప్ 3: వెనక రెక్టాంగిల్ తీసేయండి

కంట్రోల్ ఆల్ట్ 2 కొడితే లాక్ అయినవన్నీ విడిపోతాయి. రెక్టాంగిల్ లేయర్స్‌లో అట్టడుగున ఉంటుంది, డిలీట్. క్లిప్పింగ్ మాస్క్ అడ్డొస్తే కంట్రోల్ ఆల్ట్ 7తో రిలీజ్ చేయండి, రిలీజ్ చేశాక రంగూ గీతా లేని ఖాళీ ఆకారం ఒకటి మిగులుతుంది, దాన్నీ తీసేయండి. అసలు బ్యాక్‌గ్రౌండ్ కూడా గ్రేడియంటే అయ్యుండి అంచుల్లో ముదురు నీలం ఉంటే అది గ్లోలో భాగమా, బ్యాక్‌గ్రౌండా అన్నది మీరే తేల్చుకోవాలి. నేనైతే తీసేస్తాను, కావాలంటే తర్వాత పెట్టుకోవచ్చు.

షిఫ్ట్ కంట్రోల్ డి నొక్కి గళ్ల గ్రిడ్ పెట్టుకోండి. తెల్ల ఆర్ట్‌బోర్డు మీద పారదర్శకం ఏదో, తెలుపు ఏదో తేడా తెలియదు.

స్టెప్ 4: లోపలి నలుపు

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి: ఈ గ్లో చివరికి ఎక్కడ కూర్చుంటుంది?

అదే ఫైల్‌లో, వేరే ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టబోతుంటే ఇంకేమీ చేయక్కర్లేదు. స్క్రీన్ మోడ్ అలాగే ఉంచి కింద మీ కొత్త బ్యాక్‌గ్రౌండ్ పెట్టండి, అందంగా కలిసిపోతుంది. గ్లోలన్నీ ఒక గ్రూపులో ఉన్నా నల్ల గుండ్రాలు కనిపిస్తుంటే ట్రాన్స్‌పరెన్సీ ప్యానెల్‌లో ఐసొలేట్ బ్లెండింగ్ టిక్ అయి ఉందేమో చూసి తీసేయండి. ఆ టిక్ ఉంటే గ్రూపు లోపలి ముక్కలు ఒకదానితో ఒకటే కలుస్తాయి, బయట ఉన్న బ్యాక్‌గ్రౌండ్‌తో కలవవు.

ఎక్కడైనా వాడుకునేలా పారదర్శక బొమ్మ కావాలంటే రెండు దారులున్నాయి.

మొదటిది ముక్కలు తక్కువ ఉన్నప్పుడు. ఒక్కో గ్రేడియంట్ తీసుకుని బయటి నల్ల స్టాప్‌ని పక్కనున్న రంగుకే మార్చి, దాని ఒపాసిటీ సున్నా చేసి, మోడ్‌ని నార్మల్‌కి తెండి. ఇక్కడ "పక్కనున్న రంగుకే మార్చి" అన్న మాట వదిలేయకండి. నలుపుని నలుపుగానే ఉంచి ఒపాసిటీ మాత్రం సున్నా చేస్తే నీలానికీ శూన్యానికీ మధ్యలో సగం నలుపు, సగం పారదర్శకం అయిన మురికి వలయం వస్తుంది. లేత బ్యాక్‌గ్రౌండ్ మీద అది పొగచూరినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండో దారి ఒపాసిటీ మాస్క్. ముక్కలు పదులకొద్దీ ఉన్నా, గ్రేడియంట్ మెష్‌లు (వలలా అల్లిన బిందువులకి వేర్వేరు రంగులు వేసిన ఆకారాలు) ఉన్నా ఇదే మేలు, పైగా రంగు మార్చే పని కూడా ఇందులోనే దాదాపు అయిపోతుంది. మాస్క్‌లో తెలుపున్న చోట కింది బొమ్మ కనిపిస్తుంది, నలుపున్న చోట కనిపించదు, బూడిదరంగు ఉన్న చోట సగం సగం. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఉన్న గ్లో సరిగ్గా ఇలాంటి మాస్కే కదా! అందుకని ఇలా చేయండి.

గ్లో ముక్కలన్నిటినీ, వాటి వెనక స్వచ్ఛమైన నల్ల రెక్టాంగిల్‌తో సహా, ఒక గ్రూపు చేయండి. అవును, తీసేసిన రెక్టాంగిల్‌ని మళ్లీ తెచ్చుకోవాలి, మాస్క్ లోపల అది ఉండాల్సిందే. గ్రూపుని ఎడిట్ కలర్స్‌లో కన్వర్ట్ టు గ్రేస్కేల్ చేయండి. అదే సైజులో ఇంకో రెక్టాంగిల్ గీసి దానికి మీకు కావలసిన రంగు వేసి గ్రూపు కిందకి పంపండి. రెండూ సెలెక్ట్ చేసి ట్రాన్స్‌పరెన్సీ ప్యానెల్‌లో మేక్ మాస్క్ నొక్కండి. ఇన్వర్ట్ మాస్క్ టిక్ లేకుండా, క్లిప్ టిక్ ఉండేలా చూడండి. నలుపు పోయి, పారదర్శకమైన గ్లో మిగులుతుంది. ఇక రంగు మార్చాలంటే ఆ రెక్టాంగిల్ ఫిల్ మారిస్తే చాలు, యాభై ముక్కల గ్లో కూడా ఒక్క క్లిక్‌తో మారిపోతుంది.

నీలం గ్లోలతో మాత్రం ఒక ఇబ్బంది ఉంది. గ్రేస్కేల్ చేసేటప్పుడు మూడు రంగులకీ సమాన వాటా ఉండదు, ఆకుపచ్చకి సుమారు 59 శాతం, ఎరుపుకి 30, నీలానికి 11 మాత్రమే. అందుకే ముదురు నీలం గ్లో గ్రే చేయగానే దాదాపు నల్లబడిపోతుంది, మాస్క్ పెట్టాక బొమ్మ వెలవెలబోతుంది. గ్రే చేశాక అన్నిటికన్నా వెలుగున్న చోటు తెలుపుకి దగ్గరగా వచ్చిందో లేదో చూసుకుని, రాకపోతే గ్రేడియంట్ లోపలి స్టాప్‌లని తెలుపు వైపు జరపండి.

తెలుపు మీద, అంటే తెల్ల పేజీ మీద వాడేందుకు ఐతే ఒక నిజం ఒప్పుకోవాలి: అక్కడ గ్లో వెలగదు, వెలుగున్నట్టు భ్రమ కలిగించగలం అంతే. మాస్క్ పద్ధతే వాడి, రంగుని బాగా గాఢంగా ఎంచుకోండి, లేత పసుపు, లేత ఆకాశనీలం వద్దు. మధ్యలో ఉన్న తెల్ల కేంద్రం తెల్ల పేజీలో కలిసిపోయి చిల్లుపడ్డట్టు కనిపిస్తుంది కాబట్టి దానికి కూడా ఏదో ఒక రంగు ఉండాలి. అవుటర్ గ్లో ఎఫెక్ట్ వాడి ఉంటే అప్పియరెన్స్ ప్యానెల్‌లో దాని మీద క్లిక్ చేసి మోడ్‌ని స్క్రీన్ నుంచి నార్మల్‌కి మార్చండి.

స్టెప్ 5: రంగు మార్చడం

ముక్కలన్నీ సెలెక్ట్ చేసి, ఎడిట్ మెనూలో ఎడిట్ కలర్స్, రీకలర్ ఆర్ట్‌వర్క్. కలర్ వీల్‌లో హార్మనీ లంకె ఆన్ చేసి ఒక చుక్కని లాగితే మిగతావన్నీ కలిసి తిరుగుతాయి. ప్రిజర్వ్ బ్లాక్ ఆన్‌లోనే ఉంచండి, లేకపోతే నలుపు కూడా రంగు పులుముకుని స్క్రీన్ పద్ధతి మొత్తం చెడుతుంది. ఇంక్‌స్కేప్‌లో ఐతే ఎక్స్‌టెన్షన్స్‌లో కలర్ కింద ఉన్నవి ఇదే పని చేస్తాయి.

కానీ చక్రం తిప్పగానే అయిపోయిందనుకోకండి. నీలాన్ని పసుపు చేసి చూడండి, బంగారంలా వెలుగుతుందనుకుంటే బురదపచ్చగా వస్తుంది. ఎందుకంటే నిజమైన వెలుగు మసకబారేటప్పుడు అదే రంగులో ఉండి ముదురవుతున్నట్టు మన కంటికి అనిపించదు. ముదురు నీలం నీలంలాగే ఉంటుంది, ముదురు పసుపు మాత్రం పసుపులా ఉండదు. అందుకని పసుపు గ్లో బయటికి వెళ్లేకొద్దీ నారింజ వైపు, ఆ తర్వాత గోధుమరంగు వైపు జరగాలి.

నేను మొదలుపెట్టే విలువలు ఇవి, తర్వాత కంటికి నచ్చినట్టు మార్చుకుంటాను. నీలానికి కేంద్రం 220, 245, 255, మధ్యలో 0, 160, 255, బయట 0, 30, 120. బంగారానికి కేంద్రం 255, 250, 220, మధ్యలో 255, 190, 40, బయట 120, 50, 0. ఎరుపుకి కేంద్రం 255, 220, 200, మధ్యలో 255, 60, 20, బయట 120, 0, 0. ఆ తర్వాత స్క్రీన్ పద్ధతిలో ఐతే నలుపు, నార్మల్ పద్ధతిలో ఐతే అదే బయటి రంగు సున్నా ఒపాసిటీతో.

కేంద్రం పూర్తి తెలుపు కాకుండా ఆ రంగు ఛాయ ఉన్న తెలుపు కావడం గమనించే ఉంటారు. అలాగని కేంద్రానికి చిక్కటి రంగు వేసేస్తే అది దీపంలా కాదు, స్టిక్కర్‌లా కనిపిస్తుంది. మాస్క్ పద్ధతిలో రెక్టాంగిల్‌కి ఒకే రంగు వేస్తే సరిగ్గా ఈ సమస్యే వస్తుంది. గ్లో గుండ్రంగా ఉంటే రెక్టాంగిల్‌కి ఒకే రంగు బదులు పై విలువలతో రేడియల్ గ్రేడియంట్ వేయండి. రింగులకీ గీతలకీ అది కుదరదు, వాటికి మధ్య గీతని కాపీ చేసి లేత రంగు వేసి అన్నిటికీ పైన పెట్టడం తేలిక.

స్టెప్ 6: ఫైల్ ఫోటోగా మారిపోయి ఉంటే

నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఉన్నదున్నట్టు పెద్ద సైజులో పిఎన్‌జి చేసుకుని గింప్‌లో తెరవండి. రంగు మార్చాలంటే ఇప్పుడే, నలుపు మీద ఉండగానే మార్చండి. ఫోటోషాప్‌లో గ్రేడియంట్ మ్యాప్, గింప్‌లో గ్రేడియంట్ మ్యాపో, హ్యూ సాచురేషనో సరిపోతుంది. తర్వాత కలర్స్ మెనూలో కలర్ టు ఆల్ఫా తెరిచి, రంగుగా నలుపు ఎంచుకుని ఓకే చేయండి.

ఇది మ్యాజిక్ వాండ్ లాంటిది కాదు. వాండ్ ఒక గీత గీసి ఇటు ఉంచు, అటు తీసెయ్ అంటుంది, గ్లోకి అలాంటి గీతే ఉండదు. ఆటోమేటిక్‌గా బ్యాక్‌గ్రౌండ్ తీసే టూల్స్ కూడా ఇక్కడే బోల్తా కొడతాయి, గ్లోని కత్తిరించేస్తాయి లేదా నల్ల అంచు మిగులుస్తాయి. కలర్ టు ఆల్ఫా ప్రతి పిక్సెల్‌నీ విడదీస్తుంది. 0, 60, 120 అనే మసక నీలం పిక్సెల్ ఉందనుకోండి, అందులో పెద్ద విలువ 120, అంటే 255లో 47 శాతం, అదే దాని ఒపాసిటీ అవుతుంది. రంగేమో 0, 128, 255 అనే నిండు నీలంగా మారుతుంది. మళ్లీ నలుపు మీద పెడితే అచ్చం పాత 0, 60, 120 వస్తుంది, ఏమీ పోలేదు.

ఫోటోషాప్‌లో ఈ కమాండ్ లేదు. చానల్స్ ప్యానెల్‌లో ఆర్‌జిబి బొమ్మ మీద కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే వెలుగు ప్రకారం సెలెక్షన్ వస్తుంది, దాంతో ఒక సాలిడ్ కలర్ లేయర్ వేస్తే దానికదే మాస్క్ అవుతుంది. ఒకే రంగు గ్లోకి ఇది చాలు, రంగురంగుల గ్లోకి గింపే నయం. ఇమేజ్ ట్రేస్‌తో మళ్లీ వెక్టర్ చేద్దామనే ఆలోచన మాత్రం మానుకోండి, నున్నటి గ్లో కాస్తా మెట్లుమెట్లుగా కోసిన పటంలా తయారవుతుంది.

స్టెప్ 7: పరీక్ష, ఎక్స్‌పోర్ట్

బొమ్మ కింద నలుపు, మధ్యస్థ బూడిద, తెలుపు, ఇంకేదైనా గాఢమైన రంగు పట్టీలు పెట్టి చూడండి. మురికి అంచులు బూడిద మీద, లీలగా మిగిలిన డబ్బాలు నలుపు మీద బయటపడతాయి. మానిటర్ కాంతి పెంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

పిఎన్‌జికి పారదర్శకత తెలుసు కానీ బ్లెండ్ మోడ్ తెలియదు. స్క్రీన్ మోడ్ మీద ఆధారపడిన గ్లోని అలాగే పిఎన్‌జి చేస్తే నల్ల గుండ్రాలతోనే వస్తుంది, కాబట్టి నాలుగో స్టెప్ పూర్తిచేశాకే ఎక్స్‌పోర్ట్. జెపెగ్‌కి పారదర్శకతే లేదు, దాని ఊసే వద్దు. ఎఫెక్ట్ మెనూలో డాక్యుమెంట్ రాస్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగ్స్ 72 దగ్గర ఉంటే బ్లర్ ఎఫెక్టులు గరుగ్గా వస్తాయి, 300 చేయండి. కానీ ఆ మార్పుతో ఎఫెక్టుల రూపం కాస్త మారొచ్చు, మార్చాక మళ్లీ ఒకసారి చూసుకోండి. పెద్ద మసక గ్లోలో చారలు కనిపిస్తే అది మీ తప్పు కాదు, చానల్‌కి 256 మెట్లే ఉండటం వల్ల వస్తుంది. ఫోటోషాప్‌లో ఒకటి రెండు శాతం నాయిస్ (సన్నటి రేణువులు) కలిపితే చారలు చెదిరిపోతాయి.

వెబ్ కోసం ఎస్‌విజి (బ్రౌజర్ చూపించే వెక్టర్ ఫైల్) ఐతే స్క్రీన్ మోడ్‌ని సిఎస్ఎస్‌లో (వెబ్ పేజీ రూపాన్ని చెప్పే కోడ్) కూడా ఇవ్వొచ్చు, వెనక పేజీ ముదురుగా ఉన్నంతవరకూ హాయిగా పనిచేస్తుంది. బ్లర్ ఫిల్టర్‌తో చేసిన గ్లో బ్రౌజర్‌లో నలువైపులా కత్తెరేసినట్టు తెగిపోతే ఫిల్టర్ ప్రాంతం చాలక అన్నమాట. ఏమీ చెప్పకపోతే అది బొమ్మ కొలతకి ప్రతి వైపూ పది శాతమే ఎక్కువ తీసుకుంటుంది. ఎక్స్, వై మైనస్ 50 శాతం, వెడల్పు, ఎత్తు 200 శాతం అని ఇస్తే గ్లోకి పరుచుకునే చోటు దొరుకుతుంది.